మడతలో తొమ్మిదో వాంగ్మూలం

ట్యాబ్ తెర మీద వేలు పెట్టి రామతులసి పైకి తోస్తూనే ఉంది. ఎంత తోసినా కొండలమ్మ మాటలు అయిపోవడం లేదు. అయిపోయాయనుకునేసరికి, మధ్యలో ఒక్క గీత కూడా అడ్డం లేకుండా, మార్త మాటలు మొదలవుతున్నాయి. పొద్దుటినుంచి ఇరవైసార్లయినా ఆ పని చేసి ఉంటుంది. చేసిన ప్రతిసారీ లేచి, భవానీపురంలోని ఆ రెండు గదుల ఇంట్లో వంటగది దాకా నడిచి, ఏమీ తీసుకోకుండానే తిరిగి వచ్చి కూర్చుంటోంది.

ఆమెకు కావలసింది చాలా చిన్న సదుపాయం. పంతొమ్మిదిమంది ఆడవాళ్ల వాంగ్మూలాలు ఆ నోట్స్ యాప్‌లో ఒకే పత్రంగా ఉన్నాయి. ఎవరి పేరు మీద వేలు పెడితే వాళ్ల మాటలే విప్పుకోవాలి. మిగిలిన పద్దెనిమిదిమంది మాటలూ వాళ్ల వాళ్ల పేర్ల కిందికి మడతపడి ఉండాలి. కాగితమయితే తానే మడిచి గుండుసూది పెట్టి ఉండేది. ఈ యాప్‌కు అక్షరాలు పెద్దవి చేయడం తెలుసు, రంగులు పూయడం తెలుసు, మధ్యలో పువ్వుల బొమ్మలు పెట్టడం కూడా తెలుసు. మడవడం మాత్రం తెలియదు.

రామతులసి కంకిపాడు రైతుల ఇంటి బిడ్డ. గుణదలలో కాన్వెంటు హాస్టల్లో ఉండి చదువుకుంది. ఆపైన ముప్ఫైనాలుగేళ్లు సివిల్ కోర్టులో స్టెనోగా పనిచేసింది. సాక్షి చెప్పింది చెప్పినట్టు టైపు కొట్టడం, చివర ‘చదివి వినిపించగా సరియైనదని ఒప్పుకున్నారు’ అని రాసి వేలిముద్ర వేయించడం ఆమె ఉద్యోగం. డెబ్బై ఒకటో ఏట ఆ పనే మళ్లీ ఇంటికి వచ్చింది. తెచ్చింది ఇరవై ఏళ్లుగా ఆమెకు చేపలు తెచ్చి ఇస్తున్న కొండలమ్మే.

కరకట్ట దిగువనున్న చేపల మార్కెట్టును కూల్చి కొత్త షెడ్డు వేశారు. అందులో పంతొమ్మిది సిమెంటు దిమ్మలు పోశారు. పదేళ్లకు తగ్గకుండా అక్కడే కూర్చుని అమ్మినట్టు రుజువున్న వాళ్లకే దిమ్మ దక్కుతుంది. లేకపోతే వేలం. వేలమంటే పాడుకునేది ఐసు లారీలున్న వాళ్లేనని మార్కెట్టులో అందరికీ తెలుసు. ఆడవాళ్ల దగ్గర కాగితం ముక్క లేదు. అత్త కూర్చున్న చోట కోడలు కూర్చుంది, అంతే. రామతులసి వెంటబడగా వెంటబడగా, విచారణాధికారి సూర్యప్రకాష్ గారు ఒక దారి చూపించారు. అందరూ కలిసి ఒకే అర్జీగా వాంగ్మూలాలు రాసి, తమలో తమకు ఏ తగువూ లేదని వేలిముద్రలు వేస్తే, వాళ్ల మాటనే రుజువుగా తీసుకుంటారు. ఒక్క దిమ్మ మీద తగువున్నా పంతొమ్మిదీ వేలానికి పోతాయి. విచారణ గురువారం.

వాంగ్మూలాలు తీసుకున్నప్పుడు ఆమె కోర్టు పద్ధతి తప్పలేదు. ఒక్కొక్కరిని ముందు గదిలోకి పిలిచింది. మిగతావాళ్లు వరండాలో ఖాళీ తట్టల పక్కన కూర్చున్నారు. ఒక సాక్షి మాట ఇంకొక సాక్షి చెవిన పడకూడదు. ఏ ఏడాది నుంచి అమ్ముతున్నావంటే ఒక్కరికీ అంకె రాలేదు. పుష్కరాలకు ముందని ఒకరు, బరాజ్ గేట్లన్నీ ఎత్తిన వరదకు తాను నిండు చూలాలినని ఒకరు. వాటన్నిటినీ ఏళ్లలోకి మార్చి రాయడం రామతులసికి కష్టంగానే ఉన్నా ఇష్టంగా ఉంది. ఎనిమిదో పేరు కొండలమ్మది. కుళాయి పక్క చోటు తనదని, అత్త నుంచి వచ్చిందని, ముప్ఫై ఒక్క ఏళ్లుగా ఎండకూ వానకూ లేవలేదని చెప్పింది. చెప్పి వరండాలోకి వెళ్లిపోయింది.

తొమ్మిదో పేరు మార్తది. మురుగు కాలవ పక్కన కూర్చునే మార్త తన చోటు గురించి రెండు మాటల్లో ముగించి, తరువాత ఎవరూ అడగని సంగతి మొదలుపెట్టింది. కుళాయి పక్క చోటు తన తల్లిది. దివిసీమ ఉప్పెన వచ్చిన మరుసటి ఏడు తల్లి పురిటికి వెళుతూ ఆ చోటును కొండలమ్మ అత్తకు అప్పగించింది. పురిటికి పోయే మనిషి చోటును ఇంకొకరు కాయడం ఆ మార్కెట్టు ఆచారం. తిరిగి వచ్చినప్పుడు నోరు తెరిచి అడగకూడదు. తట్టతో వచ్చి ఎదురుగా నిలబడాలి, కాస్తున్న మనిషి లేచి పోవాలి. మూడు నెలలకు తల్లి తట్టతో వచ్చి నిలబడింది. కొండలమ్మ అత్త లేవలేదు. ఆ పూటంతా తల్లి నిలబడే ఉంది. ఆరేళ్ల మార్త ఆమె కొంగు పట్టుకుని నిలబడింది. తల్లి చంకలో పసివాడు జాన్‌బాబు ఉన్నాడు. ఎండ మళ్లాక తల్లి వెళ్లి మురుగు కాలవ పక్కన తట్ట దించింది.

ఇదంతా రాయమంటావా అని రామతులసి అడిగింది.

“రాయండమ్మగారూ,” అంది మార్త. “ఇప్పుడు నాకా చోటు కావాలని కాదు. జరిగిందని ఎక్కడో ఒక చోట ఉండాలిగా.”

చెప్పింది చెప్పినట్టు రాయడమే తెలిసిన మనిషి కాబట్టి రామతులసి రాసింది. ఆనాటి నుంచి ఆమెకు కుదురు లేదు.

చదివి వినిపించడం మంగళవారం, మార్కెట్టులోనే జరగాలి. బేరాలు మానుకుని మళ్లీ ఇంటికి రావడం వాళ్లవల్ల కాదు. అక్కడ గోడ లేదు, వరండా లేదు. పంతొమ్మిదిమందీ ట్యాబ్ చుట్టూ మూగుతారు. అక్షరాలు కూడబలుక్కోగలిగినవాళ్లు వాళ్లలో నలుగురైదుగురున్నారు. వాళ్లలో మార్త కూడా ఉంది గనుక, ఆమె వంతుకు పైకి చదవకుండా ట్యాబ్ ఆమె చేతికే ఇచ్చి చదువుకోమనవచ్చు. కాని ఎనిమిదోది తోస్తుంటేనే తొమ్మిదోది బయటపడుతుంది. అందుకని ఆమె యాప్ తయారుచేసిన వాళ్లకు ఉత్తరం రాసింది. ‘ఆర్యా’ అని మొదలుపెట్టి, సాక్షుల వాంగ్మూలాలను వేరువేరుగా ఉంచవలసిన న్యాయసూత్రాన్ని వివరించి, ప్రతి శీర్షిక కిందా మడత ఏర్పాటు చేయవలసిందిగా కోరింది. సూచనకు ధన్యవాదాలు, మా బృందం పరిశీలిస్తుంది అని జవాబు వచ్చింది. ఆ వాక్యాన్ని ఆమె ముప్ఫైనాలుగేళ్లు అర్జీల వీపుల మీద చూసింది. రెండో ఉత్తరం రాసింది. మూడోది కూడా రాసింది.

శనివారం మధ్యాహ్నం ఫోను మోగింది. యాప్ చేసిన నలుగురు ఇంజనీర్లలో ఒకడట, సిద్ధార్థ అని చెప్పుకున్నాడు. ఊళ్లోనే ఉంటాడట.

“మేడమ్, మీ మూడు లెటర్లూ చదివానండి. పంతొమ్మిది వేరే వేరే నోట్స్ పెట్టుకోవచ్చు కదండీ?”

“పెట్టుకోవచ్చు బాబూ. అప్పుడవి పంతొమ్మిది అర్జీలవుతాయి. ఆయన అడిగింది ఒకటి.”

“అర్థమైందండి. అంటే మిగతావి హైడ్ చెయ్యాలి, అంతేగా?”

ఆ మాట ఆమెకు ఎక్కడో గుచ్చుకుంది. “దాచమని నేను రాయలేదు. మడవమన్నాను,” అంది.

అతను నవ్వబోయి ఆగినట్టుంది. ఈ సదుపాయం రెండేళ్లుగా చాలామంది అడుగుతున్నారని, పరీక్షలకు చదివే పిల్లలు అడిగారని, వంటలు రాసుకునే ఒకావిడ అయితే తిట్టిందని చెప్పాడు. కంటికి కనబడకుండా చేయడం సులువేనని, మడత పడిందన్న సంగతిని యాప్‌లో ఉన్న ప్రతి పనికీ విడివిడిగా చెప్పడమే కష్టమని కూడా చెప్పాడు. రామతులసి ఆ రెండో సగం వినలేదు. సోమవారానికి ఇస్తారా, ఇవ్వరా అని అడిగింది. పరీక్షకని పెట్టుకున్న వెర్షను ఒకటి ఉందని, తప్పులుంటే ఏమీ అనుకోవద్దని, ఆమె ఒక్కదానికే పంపుతానని అన్నాడు.

సోమవారం ఉదయం అది వచ్చింది. ఒక్కొక్క పేరు పక్కన చిన్న ముక్కోణపు గుర్తు. నొక్కితే మాటలు పేరు కిందికి ఒదిగిపోయాయి. పంతొమ్మిది పేర్లు ఒకే తెర మీద, బడి హాజరు పట్టీలా, వరసగా నిలబడ్డాయి. ఆమె మూసింది, తెరిచింది, మళ్లీ మూసింది. తొమ్మిదో పేరు మూసినప్పుడు లోపల ఏదో బరువు దిగినట్టయింది. మిగిలిన పేర్లు వేటిని మూసినా అలా కాలేదు.

అది గమనించాక ఆమె కూర్చోలేకపోయింది. హాస్టల్లో సాయంకాలం ప్రార్థన అయ్యాక, ఏ మతం పిల్లయినా సరే, ఆనాటి తన తప్పును తానే పైకి చెప్పాలని సిస్టర్ల నియమం. ఎదుటివాళ్ల తప్పు చెప్తే శిక్ష. అలా పెరిగిన మనిషి గనుక ఆమెకు తనను తాను మోసం చేసుకోవడం అంత తేలికగా రాదు. వరండా సూత్రం నిజమే. కాని వరండాలో కూర్చున్న సాక్షి ఏదో ఒక రోజు తీర్పులో రెండో సాక్షి మాట వింటాడు. తాను మార్త మాటను ఎప్పుడు వినిపించబోతోంది? గురువారం దిమ్మలు చేతికి వచ్చాకనా? అసలు వినిపించబోతోందా? పదిహేడుమంది బతుకులు రెండు తట్టల పాత పగలో కొట్టుకుపోకూడదని తనకు తాను చెప్పుకుంది. అది న్యాయంగానే వినిపించింది. అయినా మధ్యాహ్నం అన్నం ముందు కూర్చుని కలిపింది కలిపినట్టు వదిలేసి లేచింది.

మంగళవారం రెండు గంటలకు బేరాలు ముగిశాయి. నేల కడిగారు. పొలుసులు ఇంకా గచ్చు పగుళ్లలో మెరుస్తూనే ఉన్నాయి. ఆడవాళ్లు బోర్లించిన తట్టల మీద కూర్చున్నారు, రామతులసికి ప్లాస్టిక్ కుర్చీ వేశారు. పేరు నొక్కి, విప్పి, గొంతెత్తి చదివి, ఒప్పుకున్నావా అని అడిగి, తెర మీద వేలితో గుర్తు పెట్టించి, మూసింది. నాగమల్లేశ్వరి అనే రెండో ఆవిడ, తన పెళ్లి ఏడాది చదివినప్పుడు, మా ఆయన వింటే నన్ను ముసలిదాన్నంటాడు, ఒక ఐదేళ్లు తగ్గించండమ్మగారూ అంది. అందరూ నవ్వారు. రామతులసి నవ్వలేదు, తగ్గించలేదు.

ఏడుగురయ్యేసరికి ఆమె గొంతు జీరపోయింది. దగ్గు తెర వచ్చింది. ఎనిమిదో పేరు విప్పి, రెండు వాక్యాలు చదివి ఆగిపోయింది. యాప్‌లో చదివి వినిపించే బొత్తాం ఉందని గుర్తొచ్చింది. తొమ్మిది నుంచి పంతొమ్మిది దాకా అన్నీ మడతలోనే ఉన్నాయని ఒకసారి చూసుకుని నొక్కింది.

ఎత్తూ పల్లం లేని ఒక ఆడగొంతు కొండలమ్మ ముప్ఫై ఒక్క ఏళ్లను చదివింది. కొండలమ్మ చెంగు నోటికి అడ్డం పెట్టుకుని, తన మాటలు ఎవరో చదువుకున్నావిడ నోట వస్తుంటే మురిసిపోతూ వింది. ఆ గొంతు ఆగలేదు. ఊపిరి తీసుకున్నంతసేపు నిలిచి, “తొమ్మిది. మార్త,” అని మొదలుపెట్టింది.

కన్నుతో చదివే మనిషికి మూసి ఉన్నది మూసి ఉన్నట్టే. చెవితో చదివే వాళ్ల కోసం చేసిన బొత్తానికి మడత సంగతి ఎవరూ చెప్పలేదు. తెర మీద తొమ్మిదో పేరు కింద ఒక్క అక్షరం లేదు. గొంతు మాత్రం చదువుతూనే ఉంది. రామతులసి వేలు బొత్తాం కోసం వెతికేలోగా, చేప నీటితో తడిసిన కొండలమ్మ చెయ్యి ఆమె మణికట్టును పట్టుకుంది. పట్టు గట్టిగా లేదు. కాని అందులోంచి చెయ్యి లాక్కోవడం రామతులసికి చేతకాలేదు.

పురుడు, తట్ట, నిలబడిన పూట, కొంగు పట్టుకున్న ఆరేళ్ల పిల్ల. గొంతు అంతా చదివింది. కుళాయి చుక్కలు పడుతున్న చప్పుడు వినిపించింది. పదో పేరు మొదలవబోతుంటే కొండలమ్మే చెయ్యి వదిలింది, రామతులసి ఆపేసింది.

మార్త తల వంచుకుని చేతి గోళ్లలోని పొలుసు తీస్తోంది.

“ఇది మీకాడ ఎన్నాళ్లనుంచి ఉందమ్మగారూ?” అని అడిగింది కొండలమ్మ.

“ఎనిమిది రోజులు.”

“ఎనిమిది రోజుల్లో మూడుసార్లు మీ ఇంటికి చేపలు తెచ్చాను.”

ఒక సాక్షి మాట ఇంకొకరు వినకూడదన్న కోర్టు సూత్రాన్ని రామతులసి చెప్పబోయింది. జీరగొంతులో అది సగమే పలికింది. కొండలమ్మ ఆ సగాన్నీ మర్యాదగా పూర్తిగా వింది.

“కోర్టులో మూసేది సాక్షి చెవులేమో. మీరు మూసింది మార్త నోరు,” అంది. తరువాత మార్త వైపు తిరిగింది. “ఇన్నేళ్లూ నా మొహం చూసి పలకరించకపోతే నీది పొగరనుకున్నానే. నేను కాపరానికొచ్చేసరికే మా అత్త అక్కడ కూర్చునుంది. నాకేం తెలుసు?”

“నీకు తెలియదనే నేనూ అడగలా,” అంది మార్త.

“అయితే తట్ట తెచ్చి నిలబడు. ఇప్పుడు.”

పక్కనున్నవాళ్లు కదిలారు. ఎవరో, ఎల్లుండి విచారణ పెట్టుకుని ఇప్పుడీ పంచాయితీ ఏందని గొణిగారు. మార్త లేవలేదు. నిలబడితే తన తల్లి నిలబడ్డది తీరిపోద్దా అని అడిగింది. కొండలమ్మ కూడా లేవలేదు. లేస్తే తాను ముప్ఫై ఒక్క ఏళ్లు కూర్చున్నది దొంగతనం అవుతుందని, లేవకపోతే అత్త చేసింది మంచిదవుతుందని, రెండూ తనకు ఒద్దని అంది. అది తేలేదాకా వేలిముద్ర వేసేది లేదని ట్యాబ్‌ను మోకాలితో పక్కకు నెట్టింది.

రామతులసి ముందు రెండు దారులున్నాయి. మార్త చేత ఆ భాగం తీయించడం ఒకటి. మార్త ఒప్పుకుంటుంది కూడా, అంతమంది కళ్ల ముందు ఒప్పుకోక ఏం చేస్తుంది. ఆమె ఆ దారి తొక్కలేదు. తన తప్పు తానే చెప్పింది. ఈ మాట బయటికొస్తే దిమ్మలు పోతాయని భయపడ్డానని, సూత్రం పేరు పెట్టి దాచానని, అలా చేసే హక్కు తనకు లేదని, దగ్గు మధ్య, వరసగా అంది. ఎవరూ ఓదార్చలేదు. అప్పుడామె ఎనిమిదీ తొమ్మిదీ రెండూ విప్పి, వాటి కింద కొత్త శీర్షిక పెట్టి, మీ ఇద్దరూ చెప్పండి, రాస్తాను అంది.

రాయడానికి గంట పట్టింది. కొండలమ్మ ఒక మాటంటే మార్త దిద్దింది. ‘తీసుకుంది’ అనొద్దు, ‘తిరిగి ఇవ్వలేదు’ అనమంది మార్త. కుళాయి పక్క దిమ్మ, కాలవ పక్క దిమ్మ, రెండూ ఇద్దరి పేరునా ఉండాలి. ఒక నెల ఒకరు కుళాయి దగ్గర కూర్చుంటారు, మరు నెల రెండోవారు. మొదటి నెల మార్తది. ఇద్దరూ గుర్తులు పెట్టాక మిగిలిన పదిమందికీ వినిపించేసరికి పొద్దు వాలింది.

గురువారం సూర్యప్రకాష్ గారి గదిలో మూడు కుర్చీలే ఉన్నాయి. ఆడవాళ్లు గోడవారన నిలబడ్డారు. ఆయన ట్యాబ్ అందుకున్నారు. కొత్తగా తెరిచిన పత్రమంటే అన్నీ మడతలోనే ఉంటాయి. పంతొమ్మిది పేర్లు, ఒక అదనపు శీర్షిక.

“చాలా నీట్‌గా చేశారు మేడమ్,” అన్నారాయన, ఒక్క పేరూ నొక్కకుండా. “తగువులేమీ లేవు కదా. నేను సంతకం పెట్టేస్తాను.”

కలం మూత తీశారు. రామతులసి ఊరుకుంటే చాలు. ఆమె వెనుక పంతొమ్మిదిమంది ఉన్నారు, వాళ్లు కూడా ఆమె ఊరుకోవాలనే కోరుకుంటున్నారేమో, వెనక్కి చూడలేదు గనుక ఆమెకు తెలియదు. ఇది అబద్ధం కూడా కాదు. ఆయన అడగనిది చెప్పకపోవడం, అంతే. ఇంతకాలం ఎంతమంది బల్లల మీద ఎన్ని బతుకులు ఇలా పేర్ల కింద మడతపడి సంతకాలు చేయించుకున్నాయో ఆమె కళ్లారా చూసింది.

ఆమె లేచి, బల్ల మీదుగా వంగి, ఎనిమిదో పేరు నొక్కింది. తొమ్మిదోది నొక్కింది. దాని కింది శీర్షిక నొక్కింది.

“తగువు ఉంది. తీరింది కూడా. రెండూ చదివి సంతకం పెట్టండి,” అంది.

తగువుంటే వేలమేనని ముందే చెప్పానుగా అని ఆయన విసుక్కున్నారు. తీరని తగువు గురించి మీరు చెప్పారని, తీరినదాని గురించి చెప్పలేదని ఆమె అంది. ఆయన చదివారు. మొదట త్వరగా చదివారు, తరువాత వెనక్కి తోసి నెమ్మదిగా చదివారు. చదివాక మొదటి పేరు నొక్కారు. ఆపైన రెండోది. పంతొమ్మిది అయ్యేసరికి తెచ్చిపెట్టిన టీ మీద మీగడ కట్టింది.

“పట్టాలో ఒక దిమ్మకు ఒక్క పేరుకే గడి ఉంది మేడమ్,” అన్నారు చివరికి. ఆ గొంతులో ఇందాకటి విసుగు లేదు.

“చిన్న అక్షరాలతో రాయండి.”

ఆయన రాశారు. అచ్చు కాగితం మీద, ఇరుకు గడిలో, ఒకదాని కింద ఒకటిగా. గోడవారనున్న కొండలమ్మ ముందుకు వచ్చి, తనకు చదువు రాదు గనుక, ఏం రాశారో చూడమని మార్తను మోచేత్తో పొడిచింది. మార్త కాగితం మీదికి వంగి కూడబలుక్కుంది.

“రెండు పేర్లూ ఉన్నై. నీది పైన, నాది కింద.”

“నీది కిందెందుకుంది?”

“రాసినాయన్నడుగు.”

“అయ్యగారూ,” అంది కొండలమ్మ బల్ల మీద రెండు చేతులూ ఆనించి, “మొదటి నెల ఆవిడదని అందులో రాయించాం గదండీ. ఆవిడ పేరు ముందుండాలి. మళ్లీ రాయండి.”

కొట్టివేతలున్న పట్టా చెల్లదని ఆయన అన్నారు. అయితే ఇంకో కాగితం తీసుకోమని కొండలమ్మ అంది. సూర్యప్రకాష్ గారు రామతులసి వైపు చూశారు. ఆమె కూర్చోలేదు. ఆయన సొరుగు లాగి కొత్త కాగితం తీశారు.